ఏడు రీళ్లు, ఒక విగ్రహం

కోదాడలో నేను పాఠాలు చెప్పిన ఇంజనీరింగ్ కాలేజీలో ఇన్‌స్పెక్షన్ కమిటీ వచ్చే ముందు రోజు ఒక వ్యాన్ వచ్చేది. అందులోంచి ఆసిల్లోస్కోపులు దిగేవి. వాటితోపాటు, ఎన్నడూ ముఖం చూడని ఇద్దరు ముగ్గురు ప్రొఫెసర్లు కూడా దిగేవారు. కమిటీ కోడికూరతో భోంచేసి, సంతకాలు పెట్టి వెళ్లిపోగానే పరికరాలూ ప్రొఫెసర్లూ అదే వ్యాన్ ఎక్కి ఇంకో కాలేజీకి పోయేవారు. నేను సూర్యాపేట నుంచి రోజూ పొద్దున్నే బస్సులో అక్కడికి వెళ్లేదాన్ని. చేరిన కొత్తలో ఇదంతా చూసి సిగ్గుతో తల దించుకున్నాను. రెండేళ్లు తిరిగేసరికి ఆ ప్రొఫెసర్లకు కుర్చీలు వేయించే పని నాకే అప్పజెప్పారు. వేయించాను.

చైర్మన్‌ది మిర్యాలగూడ. తండ్రి రైసుమిల్లు పెట్టి పైకి వచ్చాడు. కొడుకు 2001లో ఈ కాలేజీ పెట్టి, దాన్ని కూడా మిల్లు నడిపినట్టే నడిపాడు. ఒక వైపు నుంచి పోస్తే ఇంకో వైపు నుంచి బస్తాలు బయటికి రావాలి, అంతే. లోపల ఏం జరుగుతుందన్నది ఆయనకు పట్టలేదు. ఏ మీటింగులో మైకు దొరికినా తండ్రి మాట ఎత్తేవాడు. తన తండ్రి ముల్లుగర్ర పట్టి నాగలి దున్నాడని, బురదలోంచి పుట్టిన మనిషి అని, చదువు విలువ చదువులేని వాడికే తెలుస్తుందని చెప్పేవాడు. ఆ చివరి మాట దగ్గర ప్రతిసారీ గొంతు ఒకేలా వణికేది. మేం వెనక వరసలో కూర్చుని, ఇప్పుడు వణుకుతుంది చూడమని ఒకరినొకరు మోచేత్తో పొడుచుకునేవాళ్లం.

2010 ఎండాకాలం మొదట్లో ఆయన నన్ను తన గదికి పిలిపించాడు. బల్ల మీద తుప్పు పట్టిన బిస్కెట్ల డబ్బా ఒకటి, గోనెపట్టాలో చుట్టిన పాత ప్రొజెక్టర్ ఒకటి ఉన్నాయి. డబ్బా మూత తీస్తే పుల్లటి ఘాటు ముక్కుకు కొట్టింది. పాత ఫిల్ము చెడిపోవడం మొదలైతే వచ్చే వాసన అది. లోపల ఏడు చిన్న రీళ్లున్నాయి. ఆయన తండ్రి ఎప్పుడో మద్రాసు వెళ్లి ఒక చేతి సినిమా కెమెరా కొనుక్కొచ్చాడట. డెబ్బైలలో ఇంటి దగ్గరా పొలం దగ్గరా తిరుగుతూ దాంతో తీసిన బొమ్మలట అవి. వచ్చే ఏడు కాలేజీకి పదేళ్లు నిండుతున్నాయి, తండ్రి విగ్రహం పెట్టించాలి, తండ్రి జీవితం పెద్ద తెర మీద చూపించాలి. హైదరాబాదులో ఎవరినో అడిగితే రీళ్లు నెల రోజులు తమ దగ్గర వదిలి వెళ్లమన్నారట. ఈయనకు ఎవరి మీదా నమ్మకం లేదు.

"ఇంతమంది ఇంజనీర్లను ఇంట్ల పెట్టుకొని హైదరాబాదుకు పంపుడేంది మేడం? మీరే చెయ్యుండ్రి," అన్నాడు.

ఆ ఇంతమందిలో నన్నే ఎందుకు పిలిచాడో నాకు తెలుసు. అంతకు ముందు వారం ఆయన గదిలో టీవీ రిమోట్ పనిచేయకపోతే నేనే విప్పి బాగుచేశాను. ఆయన దృష్టిలో ఎలక్ట్రానిక్స్ అంటే అదే.

ఆ ఫిల్మును మామూలుగా ప్రొజెక్టర్‌లో పెట్టి ఆడిస్తే ముక్కలైపోయేది. ఎండి వంకర తిరిగింది, అంచుల్లో రంధ్రాలు చినిగిపోయాయి. పైగా గోడ మీద ఆడుతున్న బొమ్మను వీడియో తీస్తే మినుకు మినుకుమంటుంది తప్ప మనుషుల ముఖాలు తెలియవు. చేయవలసింది వేరే. ఒక్కో ఫ్రేమును కాంతి ముందు ఆపి, ఫొటో తీసి, ఆ ఫొటోలన్నిటినీ కంప్యూటర్‌లో వరసగా పేర్చి మళ్లీ కదిలించాలి. ఒక్కో ఫ్రేము కందిగింజంత ఉంటుంది. ఒక్కో రీలులో మూడు వేలకు పైగా ఉంటాయి.

సూర్యాపేటలో హైవే పక్క లారీ షెడ్లలో నాకు తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ ఒకాయన ఉండేవాడు. నా అవసరం విని పాత లారీలోంచి పీకిన వైపర్ మోటారు ఇచ్చాడు. అద్దం తుడిచినంత నిదానంగా తిరుగుతుంది కాబట్టి ఫిల్ము చినగదన్నాడు. ప్రొజెక్టర్ సొంత మోటారు తీసేసి దాన్ని బిగించాం. లోపలి వేడి బల్బు తీసేసి చిన్న తెల్లటి ఎల్‌ఈడీ పెట్టి, దాని ముందు పాలరంగు ప్లాస్టిక్ ముక్క అడ్డం పెట్టాను. తిరిగే ఇరుసు దగ్గర కంప్యూటర్ మౌస్‌లోంచి పీకిన స్విచ్ అమర్చాను. ఒక ఫ్రేము వచ్చి నిలబడగానే ఆ స్విచ్ టిక్కుమనేది, కెమెరా ఒక ఫొటో తీసేది. చెప్పడానికి ఇంతే. చేయడానికి నెలన్నర పట్టింది. మధ్యాహ్నం క్లాసులు అయిపోయాక ల్యాబు కిటికీలకు నల్లగుడ్డ కట్టుకుని కూర్చునేదాన్ని. ఫ్యాన్ వేస్తే దుమ్ము లేచి ఫిల్ముకు అంటుకునేది, అందుకని ఏప్రిల్ ఎండల్లో ఫ్యాన్ లేకుండా చెమటలు కక్కాను. ప్రతి చినుగుకూ సన్నటి టేపు వేశాను. బూజు పట్టిన చోట స్పిరిట్‌లో ముంచిన మెత్తటి గుడ్డతో తుడిచాను. రెండు టిక్కుల మధ్య కరెంటు పోతే ఎక్కడ ఆగానో వెతుక్కుని మళ్లీ మొదలుపెట్టేదాన్ని.

రీళ్లలో ఏముందంటే, సగం ఒక కారు ఉంది. కారు ముందు నుంచి, వెనక నుంచి, డోరు తీస్తే, డోరు వేస్తే. తర్వాత మిల్లు పొగగొట్టం. సాగర్ గేట్లలోంచి దూకుతున్న నీళ్లు. కెమెరా కనబడగానే ముఖం పక్కకు తిప్పుకునే ఒకామె. ఇవి పోను మిగిలినదంతా ఒకే మనిషి. బక్కపలచగా, తలకు రుమాలు చుట్టి, మోకాళ్ల పైకి పంచె కట్టి, ఉత్త కాళ్లతో ఉంటాడు. నాగలి దున్నుతాడు, బస్తా మోస్తాడు, గొర్రెలను నీళ్లకు తోలుతాడు.

అతనే చైర్మన్ తండ్రి అనుకున్నాను. ఇన్నేళ్లూ మీటింగుల్లో విన్నది అబద్ధం కాదన్నమాట, మనిషి నిజంగానే నాగలి పట్టాడన్నమాట అనుకుని నాలో నేనే నొచ్చుకున్నాను. ఆ ముఖం మీద గౌరవం కలిగింది. ఈ మాట ఒప్పుకోవడానికి ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. వేల ఫ్రేములు ఒక్కొక్కటిగా చూసిన దాన్ని, చూస్తున్నదేమిటో తెలుసుకోలేకపోయాను.

తెలుసుకోవడానికి కావలసినదంతా అందులోనే ఉంది. ఆ మనిషి బస్తా ఎత్తి నాలుగడుగులు వేసి ఆగుతాడు. కెమెరా వైపు చూస్తాడు. పెదవులు కదులుతాయి. 'అయిందా?' అని అడుగుతున్నట్టు ఉంటుంది. తర్వాత బస్తా దించి, వెనక్కి వెళ్లి, మళ్లీ ఎత్తుతాడు. ఒకే బస్తాను మూడుసార్లు ఎత్తిన రీలు కూడా ఉంది. అది నేను పెద్దమనిషి వినయం అనుకున్నాను. అయిదో రీలులో ఎడమ అంచు నుంచి ఒక చెయ్యి ఫ్రేములోకి వస్తుంది. బలిసిన చెయ్యి, వేలికి ఎర్రరాయి ఉంగరం. అది ఆ మనిషి గడ్డం పట్టుకుని ముఖాన్ని ఒక పక్కకు తిప్పి వెళ్లిపోతుంది. పదకొండు ఫ్రేములు. గోడ మీద ఆడిస్తే రెప్పపాటులో పోతుంది. స్నేహితుడెవరో పరాచికాలాడుతున్నాడనుకున్నాను.

వీడియో తయారయ్యాక చైర్మన్ చూసి, బొమ్మల కింద పేర్లు వేయాలి కాబట్టి మిర్యాలగూడ వెళ్లి తన తల్లికి చూపించి ఎవరెవరో రాసుకురమ్మన్నాడు. కారు ఇచ్చి పంపించాడు.

ఇల్లు మిల్లు వెనకాలే ఉంది. ఉడికించిన వడ్ల వాసన, గచ్చు మీద సన్నటి తవుడు. కోడళ్లు టీ ఇచ్చి లోపలికి వెళ్లారు. ముసలావిడ వరండాలో మంచం మీద కూర్చుని లాప్‌టాప్ తన ఒళ్లోనే పెట్టించుకుంది. కారు కనబడితే ఆ కారు ఎక్కించి తనను ఎన్నడూ ఎక్కడికీ తీసుకుపోలేదని చెప్పింది. ముఖం తిప్పుకునే ఆడమనిషి తానేనట. ఎటు తిరిగినా ఆ కెమెరా డబ్బా మూతి దగ్గరికి వచ్చేదని, అందుకే తిప్పుకునేదాన్నని చెప్పింది. నాగలి దున్నే మనిషి రాగానే నేను కాగితం మీద 'వ్యవస్థాపకులు' అని రాసుకుంటూ, సారు వాళ్ల నాన్నగారు కదా అన్నాను.

ఆవిడ నా వైపు చూసి నవ్వడం మొదలుపెట్టింది. దగ్గు వచ్చేదాకా నవ్వింది.

"మా ముసలాయన గింత బక్కగ ఉంటే నాకు వండే పనే తప్పుతుండె బిడ్డా. గాయన మా జీతగాడు. దామరచర్ల దిక్కు గొర్లోళ్ల మనిషి."

"మరి నాన్నగారు ఎక్కడున్నారమ్మా ఇందులో?"

"యాడుంటడు? డబ్బ ఆయన సేతులనే ఉండె. ఇంకొకర్ని ముట్టనియ్యకపోవు."

నాకు అప్పుడు అయిదో రీలు గుర్తుకొచ్చింది. వెతికి తీసి, ఆ చెయ్యి వచ్చిన చోట ఆపి చూపించాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని దగ్గరికి వంగి చూసింది. కెంపు ఉంగరం గుర్తుపట్టింది. ఆ చెయ్యే తన భర్త అంది. నవ్వు ఆగిపోయింది. కాసేపు ఆ చేతి వైపే చూసి లాప్‌టాప్ తీసేయమంది.

ఏడు రీళ్లలో ఆ మహానుభావుడు ఉన్నది అంతవరకే. ఇంకొకడి గడ్డం పట్టుకుని తిప్పిన పదకొండు ఫ్రేములు. ఏడాది జీతానికి కుదిరిన ఆ పాలేరు పేరు, ఊరు అడిగి రాసుకున్నాను. ఆ కాగితం మీద నేను రాసుకొచ్చిన పేరు అదొక్కటే.

మర్నాడు చైర్మన్ గదికి వెళ్లాను. దారి పొడుగునా ఎలా చెప్పాలా అని మథనపడ్డాను. పాపం, తండ్రి ముఖం మరిచిపోయాడేమో, చిన్నప్పుడే హాస్టల్లో వేశారేమో, ఎంత బాధపడతాడో అని కూడా అనుకున్నాను. నేను చెప్పింది విని ఆయన కనుబొమ్మ కూడా కదపలేదు.

"నాకు తెల్వదా మేడం? చిన్నప్పుడు నన్ను భుజం మీద ఎక్కించుకొని బడికి తోల్కపోయింది గాయనే."

సొరుగులోంచి ఒక ఫొటో తీసి బల్ల మీద పెట్టాడు. సఫారీ సూటు, నల్లద్దాలు, బొజ్జ మీద చేతులు, వేలికి ఉంగరం. తండ్రి.

"ఈ ముఖానికి ఎవడు దండ ఏస్తడు చెప్పుండ్రి. గా ముఖం సూడుండ్రి, కష్టపడ్డ ముఖం. పిల్లలకు గదే కావాలె."

నేను అన్నది ఒక్కటే మాట. మరి అమ్మగారు ఏమంటారో అన్నాను. అమ్మ మీటింగుకు రాదు అన్నాడు.

ఆ గదిలోంచి బయటికి వచ్చి ఉద్యోగం మానేసి ఉంటే ఈ కథ ఇంకాస్త గర్వంగా చెప్పుకునేదాన్ని. నెల తిరక్కుండా నన్ను డిపార్ట్‌మెంట్‌కు ఇన్‌చార్జ్ హెడ్‌ను చేశారు. నాకంటే ముందు చేరినవాళ్లు ఇద్దరుండగా నన్నే ఎందుకు చేశారో అందరికీ అర్థమైంది, నాకు మాత్రం అర్థం కానట్టు నటించాను. స్టాఫ్ రూములో మైసూర్‌పాక్ పంచాను.

శిల్పికి ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి ముఖం కావాలన్నారు. అది వెతికే పనీ నాదే అయింది. స్పష్టంగా ఉన్నవి ఏరి, పెద్దవి చేసి, ప్రింట్లు తీయించి ఇచ్చాను. పక్క నుంచి తీసినవాటిలో అన్నిటికంటే బాగా వచ్చింది ఆ చెయ్యి గడ్డం తిప్పి వెళ్లిన వెంటనే ఉన్న ఫ్రేము. శిల్పి దాన్నే ఎంచుకున్నాడు.

పదేళ్ల పండగ మరుసటి ఏడు ఫిబ్రవరిలో జరిగింది. మైదానంలో పెద్ద తెర కట్టి వీడియో వేశారు. వెనక నుంచి ఏడుపు సన్నాయి. జీతగాడు బస్తా ఎత్తినప్పుడల్లా మా ప్రిన్సిపాల్ జేబురుమాలు తీసి కళ్లు ఒత్తుకున్నాడు. ఆయనకు అసలు సంగతి నేనే చెప్పాను, తెలిసే ఒత్తుకున్నాడు. ముఖ్య అతిథిగా వచ్చిన నాయకుడొకాయన మైకు పట్టుకుని, చిన్నతనంలో ఈ రైతుబిడ్డ చేతి అన్నం తాను తిన్నానని, తెర మీద చూడగానే గుర్తుపట్టానని చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. తర్వాత ముసుగు తీశారు. నల్లటి రాతి మెట్ల మీద బంగారు రంగు పూసిన నిలువెత్తు విగ్రహం. ముఖం అచ్చంగా అదే ముఖం. ఉత్త కాళ్లతో బాగుండదని కాళ్లకు చెప్పులు తొడిగించారు. చేతికి గడియారం పెట్టించారు, పైన జేబున్న చొక్కా వేయించి జేబులో పెన్ను కూడా చెక్కించారు. కింద చలువరాతి మీద మిల్లు యజమాని పేరు, పుట్టిన రోజు, పోయిన రోజు.

రోజూ పొద్దున ఆ విగ్రహం ముందు నుంచే లోపలికి వెళ్లాలి. ఏడాదిన్నర వెళ్లాను. దామరచర్ల పోవడానికి నన్ను న్యాయం, ధర్మం లాంటివి కదిలించాయని చెప్పను. ఆ ముఖాన్ని అన్ని వేలసార్లు చూశాక ఆ మనిషి ఎలా మాట్లాడేవాడో తెలుసుకోవాలనిపించింది, అంతే. 2012లో వర్షాలు తగ్గుముఖం పట్టిన ఒక ఆదివారం, లాప్‌టాప్ సంచీలో వేసుకుని బస్సెక్కాను.

ఊరు పట్టుకోవడం కష్టం కాలేదు. జీతగాడు చనిపోయి ఇరవై ఏళ్లు దాటిందట. కూతురు ఉంది. యాభై దాటిన మనిషి, కొడుకులతో కలిసి ఇంకా గొర్రెలు కాస్తుంది. రేకుల పందిరి కింద మంచం వేసి కూర్చోబెట్టింది. నేను ఎవరినో, ఎందుకొచ్చానో చెప్పి వీడియో పెట్టాను. ఇంట్లోవాళ్లంతా చుట్టూ మూగారు.

తండ్రిని చూసి ఏడుస్తుందనుకున్నాను. ఆమె ముందు గొర్రెలను చూసింది. చెవి కోత చూపించి, ఇవి మా జీవాలే, మిల్లోళ్లవి కావు అని కొడుకులకు చెప్పింది. తర్వాత తండ్రిని చూసింది. ఒకసారి అయిపోయాక మళ్లీ పెట్టమంది. నాన్న ఇంత పొట్టిగా ఉండేవాడా అని పెద్దకొడుకును అడిగింది, వాడేం చెబుతాడు. ఆ తర్వాత నా వైపు తిరిగి, నడుమ నడుమ ఎందుకు ఆగుతున్నాడని అడిగింది. కెమెరా పట్టుకున్నాయన చెప్పినట్టు మళ్లీ మళ్లీ చేశాడని చెప్పాను.

"గదా సంగతి. గా మిల్లుల ఒక్క పని ఒక్కసారి చేస్తే ఎన్నడు అయితది," అంది.

విగ్రహం సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు. చివరికి చెప్పాను. తిడుతుందని, కొడుకులు లేస్తారని, నన్ను కూడా కలిపి నాలుగు అంటారని సిద్ధపడే వచ్చాను. కొడుకుల ముఖాలు ఎర్రబడ్డాయి కూడా. ఆమె వాళ్లను చేత్తో ఆపి, కోదాడలో ఏ స్టేజీ దగ్గర దిగాలని నన్ను అడిగింది.

పెత్రమాస నాడు, అంటే పోయిన పెద్దలకు అన్నం పెట్టుకునే అమావాస్య నాడు, కోడలిని వెంటబెట్టుకుని కాలేజీకి వచ్చింది. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపితే నేను వెళ్లి మా చుట్టమని చెప్పి లోపలికి తీసుకొచ్చాను. విగ్రహం ముందు విస్తరాకులో అన్నం, ఉడకబెట్టిన గింజల గుడాలు, మాంసం కూర పెట్టింది. కొబ్బరికాయ కొట్టింది. సీసాలో తెచ్చిన కల్లు మెట్ల మీద కొంచెం ఒంపింది. ముఖం వైపు చాలాసేపు చూసి, నాయినకు చెప్పులేసిన్రు, మంచిగనే ఉన్నయి అంది. కింద పలక మీద ఏముందో చదవమంటే చదివాను.

మరుసటి ఏడు పెత్రమాసకూ వచ్చింది. ఆ రోజు చైర్మన్ కారు సరిగ్గా అప్పుడే గేటులోకి వచ్చింది. ఆమె చేతులు జోడించి నిలబడి ఉంది. కారు ఆపించి, అద్దం దించి చూసి, ఫొటోగ్రాఫర్‌ను పిలిపించాడు. నెల తిరిగేసరికి కాలేజీ రంగుల పుస్తకం మొదటి పేజీలో ఆమె ఫొటో వచ్చింది. 'మా వ్యవస్థాపకుల పట్ల గ్రామీణుల భక్తి' అని కింద రాసి ఉంది.

ఆ పుస్తకం పట్టుకుని ఆయన గదికి వెళ్లాను. ఏడాదిగా నోట్లో నానబెట్టుకున్న మాట అప్పుడు బయటికి వచ్చింది.

"ఈమె ఆ జీతగాడి బిడ్డ సార్."

ఆయన పుస్తకం తీసుకుని ఫొటో వైపు చూశాడు. నిజంగానే చూశాడు. తనను భుజం మీద మోసిన మనిషి కూతురు. నాకు ఒక్క క్షణం ఆశ కలిగింది, ఎంత చెడ్డవాడికైనా ఎక్కడో ఒకచోట చురుక్కుమంటుంది కదా అని.

"అట్లనా," అన్నాడు. "అయితే ఆమెకో రెండు కాపీలు పంపుండ్రి. సంతోషపడతది."

ఇంతకంటే కింద మనిషి ఉండడనుకుంటూ బయటికి వచ్చాను. మరి ఆ రెండు కాపీలు పోస్టులో వేసింది ఎవరు? నేనే.

ఆ ఏడాది చివర్లో నాకు ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఉద్యోగం వచ్చింది, మానేశాను. మానేసిన రోజు సన్మానం చేసి శాలువా కప్పారు, కప్పించుకున్నాను. 2014 వచ్చేసరికి కాలేజీలో చేరేవాళ్లే కరువయ్యారు. చైర్మన్ కాలేజీని మూసేసి, ఆ బిల్డింగును ధాన్యం గోదాముగా కిరాయికి ఇచ్చాడు. చదువు విలువ గురించి గొంతు వణికించిన ఆ మైదానంలోనే లారీలు దిగబడ్డాయి.

ఆ ఏడు పెత్రమాసకు ముందు జీతగాడి కూతురి కొడుకు ఫోన్ చేసి, గేటు లోపలికి రానిస్తారో లేదో కాస్త చూడమన్నాడు. ఆ అమావాస్య నాడు సెలవు పెట్టి ఆమెతో పాటే వెళ్లాను. పాత వాచ్‌మనే ఉన్నాడు, గోదాము వాళ్లు అతన్నే ఉంచుకున్నారు. లోపలికి పోనిచ్చాడు. విగ్రహం చుట్టూ బస్తాలు పేర్చి ఉన్నాయి. వాన పడితే కప్పడానికి కట్టిన టార్పాలిన్ తాడును విగ్రహం చేతికి ముడేశారు. చైర్మన్‌తో నేను మాట్లాడతానని, ట్రాక్టరు తెచ్చుకుని విగ్రహాన్ని మీ ఊరికి తీసుకుపోండక్కా అని ఆమెతో అన్నాను. నా గొంతు వణుకుతోందని నాకే వినిపించింది.

ఆమె విస్తరాకు పరుస్తూ నా వైపు చూడకుండానే మాట్లాడింది.

"మేమేం జేస్కుంటమమ్మా గిది? నువ్వు పరేషాన్ కాకు. ఉండనియ్యి. మా నాయిన మిల్లోళ్లకు అన్ని దినాలు నిలవడ్డడు, గీడ ఇంకిన్ని దినాలు నిలవడితే ఏమైతది."

అన్నం పెట్టడం అయ్యాక చెయ్యి కడుక్కుని అడిగింది. నా దగ్గరున్న బొమ్మల్లో తండ్రి తనంతట తాను ఉన్నది, ఎవరూ చెప్పకుండా ఉన్నది ఒక్కటైనా ఉందా అని. నిన్నమొన్నటిదాకా నేను చైర్మన్‌ను, ప్రిన్సిపాల్‌ను, ఆ నాయకుణ్ణి తలుచుకుని పళ్లు నూరుతూనే ఉన్నాను. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ రీళ్లను ఆ ప్రశ్నతో చూడలేదు.

ఇంటికి వచ్చి పాత హార్డ్‌డిస్క్ తీసి, వారం రోజులు పనులయ్యాక కూర్చుని మొదటి నుంచి చూశాను. దాదాపు ప్రతి చోటా అతను కెమెరాను చూస్తున్నాడు, లేదా చూడబోతున్నాడు. ఆరో రీలు చివర, ఫిల్ము అయిపోయి అంచుకు వెలుగు తగిలి నారింజరంగుకు తిరిగిన చోట పందొమ్మిది ఫ్రేములు దొరికాయి. తీసేవాడు అయిపోయిందనుకుని కెమెరాను కిందికి వాల్చినట్టున్నాడు, బొమ్మ పక్కకు ఒరిగింది. అతను మోకాళ్ల మీద కూర్చుని ఒక గొర్రెపిల్ల కాలు ఒళ్లో పెట్టుకుని గిట్టలోంచి ముల్లు తీస్తున్నాడు. కింది పెదవి పంటితో నొక్కిపట్టాడు. ఎటూ చూడటం లేదు.

అందులో ఒకటి పెద్దదిగా ప్రింటు తీయించి దామరచర్ల తీసుకెళ్లాను. ఆమె చేతిలోకి తీసుకుని, వెలుగులోకి తిప్పి, పెదవిని పంటితో నొక్కిపట్టిన చోట వేలు పెట్టింది.

"గిట్లనే జేస్తుండె," అంది.

కోడలు దాన్ని అద్దం కట్టించి గోడకు పెడదామంది. ఆమె ఒప్పుకోలేదు. గోడకు పెడితే దండ వేయాల్సి వస్తుందంది. బీరువా తలుపు తెరిచి, లోపలి వైపు, చీరలు తీసుకునేటప్పుడు కనబడే ఎత్తులో నాలుగు మూలలా టేపు వేసి అంటించుకుంది. తలుపు మూసి, అన్నం తిని పొమ్మని నాకు పీట వేసింది.